కాలు జారితే తీసుకోవచ్చు

"మామయ్యా, నీ కోడి నిద్రపోతోంది" అన్నాడు మా అక్క కొడుకు.

వాడుండేది అమెరికాలో, డల్లాస్ పక్కన. కోడి ఉన్నది భీమవరం దగ్గర మా ఊళ్ళో, వీధి అరుగు మీద, మా అబ్బాయి లాప్‌టాప్‌లో. పాపం అదేమీ నిద్రపోవడం లేదు, కబురు కోసం కాచుకుని కూర్చుంది. అక్కడ వాడు ఏ మీట నొక్కాడో ఇక్కడికి తెలియాలి. ఇక్కడ మావాడు ఏది నొక్కాడో అక్కడికి తెలియాలి. రెండు కబుర్లూ చేరాకే రెండిళ్ళల్లోనూ రెండు కోళ్ళూ ఒక్క అడుగు వెయ్యాలి. ఆట అలా రాశాను. ఎవరికీ అన్యాయం జరక్కూడదని నా ఉద్దేశం. అన్యాయం జరగలేదు గానీ ఆటా జరగలేదు. సెకనుకి అరవై అడుగులు వెయ్యాల్సిన కోళ్ళు పది కూడా వెయ్యలేదు.

నేను ఆటలు రాసేవాణ్ణి కాను. ఇరవై ఏళ్ళుగా హైదరాబాదులో వడ్డీ లెక్కల సాఫ్ట్‌వేర్ రాసుకుంటున్నవాణ్ణి. వడ్డీకి తొందరుండదు. అర్ధరాత్రి దాటాక లెక్క కట్టినా పొద్దున బ్యాంకు తలుపు తీసేసరికి సరిపోతుంది. అలాంటివాణ్ణి కోడిపందెంలోకి దింపింది మా అమ్మ. అంతకుముందు సంక్రాంతికి మావాడు బరి దగ్గరికి వెళ్తానని మారాం చేశాడు. "కత్తులు కట్టి కోళ్ళని కోయించే చోట పిల్లలకేం పనిరా?" అని అమ్మ గుమ్మం దాటనివ్వలేదు. వాడు వీడియో కాల్‌లో వాళ్ళ డల్లాస్ బావకి చెప్పుకుని గోలపెట్టాడు. ఇద్దరూ కలిసి నా మీద పడ్డారు. నువ్వు సాఫ్ట్‌వేరేగా, మాకో పందెం తయారుచెయ్యి అని. మన ఇళ్ళల్లో 'సాఫ్ట్‌వేరేగా' అన్న మాటకి అర్థం చాలా విశాలం. పక్కింటివాళ్ళ ప్రింటరు బాగుచెయ్యడం దగ్గర్నించి కోళ్ళని పోట్లాడించడం దాకా అన్నీ అందులోకే వస్తాయి. అమ్మ ఒక్కటే షరతు పెట్టింది: కంప్యూటర్ కోడైనా సరే, కాలికి కత్తి కట్టకూడదు. కట్టలేదు. మీటలు నాలుగు: ముందుకు, వెనక్కి, ఎగురు, తన్ను. కోళ్ళు రెండు, పేర్లు రంగుని బట్టి: డేగ, కాకి. బొమ్మలు మావాడే గీశాడు. కాకి కొంచెం బాతులా వచ్చింది.

వేసవి సెలవులకల్లా ఆట సిద్ధమైంది. సిద్ధమైన పూటే నిద్రపోయింది.

నా ప్రోగ్రాంలో తప్పేమీ లేదని రెండు రోజులు వెతికాక తేలింది. తప్పల్లా భూమి గుండ్రంగా, పెద్దగా ఉండటంలో ఉంది. గాజు తీగలో వెలుగు సెకనుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. గ్లోబు మీద దారం పట్టి కొలిస్తే హైదరాబాదుకీ డల్లాస్‌కీ మధ్య 14 వేల కిలోమీటర్ల పైచిలుకు. అంటే ఎంత తిన్నటి దారి వేసినా, కబురు వెళ్ళడానికే 70 మిల్లీసెకన్లు దాటుతుంది, జవాబు రావడానికి మళ్ళీ అంత. కేబుళ్ళు తిన్నగా ఉండవు. సముద్రం అడుగున వంపులు తిరిగి, ఒడ్డెక్కిన ప్రతి చోటా ఏదో ఒక పెట్టెలో క్యూలో నిలబడి వస్తాయి మన కబుర్లు. మా అరుగు మీంచి నేను కొలిస్తే రానూ పోనూ 250 మిల్లీసెకన్ల దగ్గర తేలింది. పావు సెకను. వడ్డీ లెక్కలో అది కంటికి ఆనదు. కోడిపందెంలో పావు సెకనంటే ఎగిరి, తన్ని, దిగడం. ఎంత డబ్బున్న కంపెనీ అయినా సర్వర్లు కొనగలదు గానీ, వెలుగుని కొరడా పెట్టి తోలలేదు.

ఈ పావు సెకను మన ఇళ్ళకి కొత్తదేం కాదు. అమెరికా ఫోన్లు వచ్చే ప్రతి ఇంటికీ తెలుసు. "ఆఁ, చెప్పు." "లేదు, నువ్వు చెప్పు." ఆ తర్వాత ఇద్దరూ ఒక్కసారే మొదలుపెట్టడం, ఇద్దరూ ఒక్కసారే ఆగిపోవడం. అమ్మ దీనికి ఎప్పుడో మందు కనిపెట్టింది. జవాబు కోసం ఆగదు. "తిన్నారా?" అని అడిగి, "తినే ఉంటార్లే, ఆదివారం కదా, కోడికూర వండుంటావు" అని తనే అనేసుకుని ముందుకి పోతుంది. "లేదమ్మా, బయట తిన్నాం" అన్న అక్క మాట చేరేసరికి అమ్మ ఎదురింటి వాళ్ళ పెళ్ళి దాకా వెళ్ళిపోయి ఉంటుంది. అక్కణ్ణించే "బయట తిన్నారా, పోన్లే" అని ఒక్క ముక్కలో సర్దేసుకుని, పెళ్ళిని ఆపకుండా నడిపిస్తుంది. నిద్రపోతున్న కోళ్ళని లేపడానికి నేను వెతికి వెతికి పట్టుకున్న లైబ్రరీ సరిగ్గా ఈ పనే చేస్తుంది. దాని పేరు జీజీపీఓ.

లైబ్రరీ అంటే అమ్మకి పంచాయతీ ఆఫీసు పక్కన పేపర్లూ వారపత్రికలూ ఉండే గది. "అందులో కోళ్ళ పుస్తకం దొరికిందా?" అని అడిగింది కూడా. మా పనిలో లైబ్రరీ అంటే ఎవరో ఒకరు ఒళ్ళు హూనం చేసుకుని రాసిపెట్టిన కోడ్ మూట. తక్కినవాళ్ళు దాన్ని తెచ్చి తమ ప్రోగ్రాంలో కలుపుకుంటారు. పెళ్ళికి గుండిగలూ గరిటెలూ అద్దెకి తెచ్చుకున్నట్టు. వంట మాత్రం మనదే.

ఈ మూట రాసినాయన టోనీ కానన్. ఆయనా, సోదరుడు టామ్ కాననూ స్ట్రీట్ ఫైటర్ అనే పోట్లాట ఆట పిచ్చి పట్టినవాళ్ళు. 1996లో 'బ్యాటిల్ బై ది బే' అని కాలిఫోర్నియాలో చిన్న పోటీగా మొదలైనదే తర్వాత ఇవో అయింది. లాస్ వేగాస్‌లో జరిగే ఆ పోటీని, పోట్లాట ఆటలు ఆడేవాళ్ళు మనం బరిని చూసినంత భక్తిగా చూస్తారు. ఆ ఆటలు పుట్టింది ఆర్కేడ్‌లలో. ఒకే మిషను, రెండు కర్రలు, భుజానికి భుజం తగులుతూ ఇద్దరు మనుషులు. మధ్యలో సముద్రం లేదు. 2006లో పాత స్ట్రీట్ ఫైటర్ 2 ఎక్స్‌బాక్స్ 360లో నెట్ మీద ఆడుకునేలా వచ్చింది. ఆడి చూసిన టోనీకి నచ్చలేదు. మీట నొక్కడానికీ బొమ్మ కదలడానికీ మధ్య వచ్చే ఆ బద్ధకం చేతికి తెలిసిపోయింది. తిట్టుకుని ఊరుకోకుండా కూర్చుని తనే లైబ్రరీ రాశాడు. 'గుడ్ గేమ్, పీస్ అవుట్' అని ఆట ముగిశాక ఎదుటివాడితో చెప్పే వీడ్కోలునే కుదించి దానికి పేరు పెట్టాడు. 2019లో దాని కోడ్ అంతా ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చని బయటపెట్టేశాడు. అందుకే అది భీమవరం దగ్గర అరుగు దాకా వచ్చింది.

ఊహించి ఆడించడం ఆయనతో మొదలవలేదు. 1996లోనే క్వేక్ ఆట రాసిన జాన్ కార్మాక్‌కి ఈ దెబ్బ తగిలింది. మంచి లైను ఉన్నవాళ్ళకి ఆట బాగానే ఉంది. ఇళ్ళల్లో మోడెమ్‌తో ఆడేవాళ్ళకి బురదలో నడిచినట్టుంది. తాను మొదలుపెట్టిన అంచనాలే తప్పని ఆయన దాచకుండా రాసుకున్నాడు. ఆ మాట ఒప్పుకున్న ప్రోగ్రామర్లని నా జీవితంలో వేళ్ళ మీద లెక్కపెట్టగలను, అద్దంలో కనపడేవాణ్ణి కలపకుండా. ఆ ఏడాది చివర్లోనే క్వేక్‌వరల్డ్ తెచ్చాడు. అందులో నీ అడుగు సర్వరుని అడక్కుండానే నీ తెర మీద పడిపోతుంది. తప్పైతే సర్వరు తర్వాత సరిదిద్దుతుంది. అక్కడ సర్వరు పెద్దమనిషి, ఆయన చెప్పిందే తీర్పు. జీజీపీఓలో ఆ పెద్దమనిషి కూడా లేడు. ఇటొక ఆటగాడు, అటొక ఆటగాడు, ఇద్దరివీ సమానమైన కంప్యూటర్లు. వియ్యాలవారిద్దరే కూర్చుని మాట్లాడుకున్నట్టు.

చిత్రమేమిటంటే, ఆ లైబ్రరీకి కోళ్ళ గురించి ఏమీ తెలియదు. తెలుసుకోవాలనీ అనుకోదు. నన్నే మూడు పనులు రాసివ్వమంటుంది: ఆటని ఉన్నదున్నట్టు ఒక చోట దాచు. దాచినదాన్ని మళ్ళీ తెరువు. ఒక్క అడుగు ముందుకు నడిపించు. అంతే. ఇవి ఇచ్చాక తన పని మొదలుపెడుతుంది. డల్లాస్ కబురు రాలేదా? ఆగదు. ఆ అబ్బాయి ఇందాక ఏ మీట నొక్కి ఉన్నాడో ఇప్పుడూ అదే నొక్కి ఉన్నాడనుకుని ఆటని నడిపేస్తుంది. కాసేపటికి అసలు కబురు వస్తుంది. అనుకున్నదే అయితే సరి. కాకపోతే, ఊహ తప్పిన అడుగు దగ్గరికి ఆటని వెనక్కి తీసుకెళ్ళి, నిజం మీటతో మళ్ళీ అడుగులన్నీ వేయించి, ఇప్పుడున్న చోటికి తెచ్చి నిలబెడుతుంది. ఆటలో ఒక్కో అడుగుకీ ఉన్న గడువు 16 మిల్లీసెకన్ల చిల్లర. ఏడడుగులు వెనక్కి వెళ్ళి ఏడడుగులూ తిరిగి నడవడం ఆ ఒక్క గడువులోనే అయిపోవాలి. నడిచిన సంగతి తెర మీద కనపడకూడదు. చూసేవాడికి తెలిసేదల్లా ఇంతే: అవతలి కోడి నేల వదిలే క్షణం కనపడదు, గాల్లో సగం పైకి లేచిన కోడి కనపడుతుంది. మూడో ఆటకి కళ్ళు అలవాటు పడిపోతాయి.

ఊహంటే ఏదో గొప్ప తెలివి ఉంటుందనుకున్నాను. మన కుక్కుట శాస్త్రం చూడండి, ఏ నక్షత్రంలో ఏ రంగు కోడి నెగ్గుతుందో, ఏ దిక్కు నుంచి బరిలోకి దింపాలో, ఎన్ని లెక్కలు! జీజీపీఓ శాస్త్రం ఒక్క ముక్క: ఇందాక ఏం చేశాడో ఇప్పుడూ అదే చేస్తాడు. మొదట నవ్వుకున్నాను. తర్వాత కాగితం మీద లెక్క వేశాను. సెకనుకి అరవై అడుగులు. మనిషన్నవాడు ఎంత కంగారు పడ్డా ఒక సెకనులో పదిసార్లకి మించి మనసు మార్చుకోలేడు. తక్కిన యాభై అడుగుల్లో ఆ మొద్దు ఊహే నిజం. కుక్కుట శాస్త్రానికి అంత వాసి ఉందని ఊళ్ళో పందెం కట్టి పొలం పోగొట్టుకున్నవాళ్ళు ఎవరూ చెప్పలేదు నాకు.

లైబ్రరీ కలిపిన రాత్రి బావ కేక పెట్టాడు. "మామయ్యా, లేచింది!"

లేచిన కోడి కూసింది కూడా. తంటా అక్కడొచ్చింది. అమ్మ పెంచే పుంజు అరుపులే ఫోనులో పట్టి ఆటలో పెట్టాను, తన్ను తగిలినప్పుడు కెవ్వుమనేలా. ఊహ ప్రకారం డేగ అక్కడే నిలబడి ఉంది. మావాడి కాకి తన్నింది. కెవ్వుమన్న అరుపు వినపడింది. ఇంతలో అసలు కబురు: డేగ అప్పటికే వెనక్కి జరిగింది. దెబ్బ తగలనే లేదు. ఆట బుద్ధిగా వెనక్కి వెళ్ళి, డేగని జరిపి, దాని ప్రాణం దానికి తిరిగి ఇచ్చింది. మరి ఆ కెవ్వుమన్న అరుపో? అది స్పీకరు దాటి గాల్లో కలిసి మా అందరి చెవుల్లోనూ పడిపోయింది. దాన్ని ఏ లైబ్రరీ వెనక్కి తేలేదు. "కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేం" అని చిన్నప్పుడు అమ్మ నన్ను ఎన్నిసార్లు తిట్టిందో! ఆటల ప్రోగ్రామర్లని పీడించే సమస్యని ఆ సామెత చేసినవాళ్ళు కంప్యూటర్ పుట్టకముందే తేల్చేశారు. కాలు ఎక్కడుందో అది ఆట స్థితి, దాచిపెట్టి తిరిగి తెరవొచ్చు. నోట్లోంచి వచ్చింది దాచిపెట్టడానికి దొరకదు. చివరికి చిన్నచిన్న అరుపులు వదిలేసి, గెలుపు కూత మాత్రం నిజం కబురు ఖాయమయ్యాకే కూసేలా మార్చాను. ఓట్ల లెక్కింపు రోజు మన టీవీ ఛానళ్ళకి ఈ మార్పు ఉచితంగా ఇస్తాను, ఎవరైనా అడిగితే.

అంతకన్నా పెద్ద తంటా ఇంకొకటి. ఒకరోజు ఆట అయ్యాక మావాడు గెలిచానని చిందులేశాడు. అక్కడ బావ కూడా గెలిచానని చిందులేశాడు. ఇద్దరివీ తెరలు చూపించమన్నాను. మా తెర మీద డేగ పడి ఉంది, వాళ్ళ తెర మీద కాకి. ఎవరూ అబద్ధమాడటం లేదు. ఈ పద్ధతిలో రెండు కంప్యూటర్లూ ఒకరికొకరు పంపుకునేది మీటల కబురు మాత్రమే, కోళ్ళు ఎక్కడున్నాయన్నది ఎవరి లెక్క వాళ్ళదే. లెక్క చివరి అంకె దాకా ఒక్కలా ఉండాలి. నేను తోక ఈక రాలడానికి ఒక చీటీ తీయించాను, ఆ చీటీని ఏ కంప్యూటరుకా కంప్యూటర్ తన గడియారం చూసి తీసింది. ఒక ఈక ఇక్కడ రాలింది, అక్కడ రాలలేదు. అక్కణ్ణించి రెండు పందేలు రెండు దారులు పట్టాయి. 1997లో ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ రాసినవాళ్ళు కూడా ఇదే బాధ పడ్డారు. ఆట మొదట్లో ఒక జింక రెండు కంప్యూటర్లలో రవ్వంత తేడాగా నిలబడితే, కొన్ని నిమిషాల తర్వాత ఒక మనిషి బల్లెం గురి తప్పి, ఒక ఇంటికి మాంసం చేరదు. అప్పటికి జింక సంగతి ఎవరికి గుర్తుంటుంది?

ఈ మాట అక్కతో అంటే నవ్వి, "నాన్న పందెంలా ఉందిరా" అంది. అక్క లెక్క ప్రకారం ఒక భోగినాడు నాన్న మా ఇద్దర్నీ బరికి తీసుకెళ్ళారు, కాకి మీద కాసి గెలిచారు, ఆ డబ్బుతో అక్కకి పట్టు పరికిణీ కొన్నారు. నా లెక్క ప్రకారం తీసుకెళ్ళారు, కాశారు, ఓడారు, చేతి వాచీ అక్కడే ఎవరికో ఇచ్చేసి వచ్చారు. ఇద్దరం ఒకే ఎడ్లబండిలో, ఒకే గడ్డి మీద పక్కపక్కన కూర్చున్నవాళ్ళమే. ఏ జింక దగ్గర విడిపోయామో తెలియదు. అమ్మని అడిగితే, "మీ నాన్న పందేనికెళ్ళింది ఎప్పుడర్రా?" అంది. నాన్న లేరు. జీజీపీఓలో ఇలాంటి తేడాలు పట్టుకోవడానికి ఒక పరీక్ష ఉంది. ఒక్క కంప్యూటర్ మీదే ప్రతి అడుగునీ వెనక్కి తిప్పి మళ్ళీ వేయించి, రెండుసార్లూ మొత్తం ఒకటే వచ్చిందా అని సరిచూస్తుంది. దాంతో ఈక దొంగని ఒక్క సాయంత్రంలో పట్టుకున్నాను. మా ఇంటి లెక్కకి అలాంటి పరీక్ష లేదు, ఉన్నా పెట్టను. ఆ పరికిణీ అక్క దగ్గరే ఉండనివ్వండి.

ఈ లైబ్రరీలో నాకు అన్నిటికన్నా నచ్చిన అంకె ఒకటుంది: 8. అంతకు మించి ఊహించదు. ఎనిమిది అడుగుల పాటు అవతలి కబురు లేకపోతే, ఇక నా ఊహకి విలువ లేదనుకుని ఆటని ఆపి నిలబడుతుంది. మాకూ డల్లాస్‌కీ మధ్య ఒక వైపు 125 మిల్లీసెకన్లు, అంటే ఏడున్నర అడుగులు. గట్టు అంచున నడక. లైనులో ఏ కాస్త తేడా వచ్చినా ఆట ఆగుతోంది. అందుకని మా కోళ్ళు కూడా మీట నొక్కిన రెండడుగుల తర్వాతే కదిలేలా పెట్టాను. వేళ్ళు అంత చిన్న ఆలస్యాన్ని పట్టించుకోవు. కొంత ఆగడం, కొంత ఊహించడం. మొత్తం ఆగే పద్ధతినే చాలా కంపెనీలు చాలా ఏళ్ళు పట్టుకుని వేలాడాయి, జపాన్‌లో మరీను. అక్కడ ఊళ్ళ మధ్య దూరం తక్కువ, లైన్లు మంచివి, వాళ్ళకి నొప్పి తెలియలేదు. కరోనాలో అందరూ ఇళ్ళల్లోంచే ఆడాల్సి వచ్చాక గానీ గాలి తిరగలేదు. 2021లో వచ్చిన గిల్టీ గేర్ స్ట్రైవ్ ఊహించే పద్ధతితోనే వచ్చింది. నొప్పి తెలియని చోట మందు ఆలస్యంగా చేరుతుంది, సహజమే.

అమ్మ ఊహకి మాత్రం ఎనిమిది అడుగుల హద్దు లేదు. మనవడు చివరిసారి వచ్చినప్పుడు వాడికి పదేళ్ళు. ఈ అరుగు మీదే కూర్చుని ఆరు అరిసెలు తిన్నాడు. అమ్మకి అందిన చివరి కబురు అది. అప్పట్నించీ ప్రతి పండక్కీ డల్లాస్‌కి రెండు కిలోల అరిసెలు పార్సిల్ వెళ్తున్నాయి. అందాయా అంటే అందాయి అంటుంది అక్క. తిన్నాడా అని అమ్మ అడగదు. తినే ఉంటాడు కదా.

మొన్న భోగి పొద్దున్న ఎనిమిదింటికి, వాళ్ళకి ముందురోజు రాత్రి ఎనిమిదిన్నరకి, పందెం మొదలైంది. మూడు రోజులు సాగింది. బావ 31, మావాడు 28. మధ్యలో వీడియోలోకి తొంగిచూసి, "గెలిచినవాడికి అరిసెలు ఎక్కువ పంపుతాను" అంది అమ్మ. "అమ్మమ్మా, నేను స్వీట్లు తినను. ఎప్పుడో మానేశా" అన్నాడు వాడు, ఆట మీంచి కళ్ళు తిప్పకుండా. అక్క పక్కనించి వాడి భుజం గిల్లడం మా తెర మీద కనిపించింది. అమ్మ ఒక్క క్షణం ఏమీ అనలేదు. అది నెట్ ఆలస్యం కాదు, లైను బాగానే ఉంది. మూడేళ్ళ అరిసెలూ వెనక్కి తిరిగి రావడానికి ఆ మాత్రం పట్టింది.

"కారం తింటావా మరి?" అంది.

తింటానన్నాడు. అంతే. ఎందుకు చెప్పలేదని అక్కని అడగలేదు, అందాయని ఊరుకున్నావేమని దెప్పలేదు. పందెం ఒక్క అడుగు కూడా తడబడలేదు. ఇన్ని నెలలుగా లెక్కలేనన్నిసార్లు వెనక్కి వెళ్ళి వచ్చిన ఆటని చూశాను. అంత నున్నగా నా ప్రోగ్రాం ఒక్కసారీ సర్దుకోలేదు.

పండగ వెళ్ళాక పార్సిల్ కట్టింది. రెండు కిలోల చేగోడీలు. పక్కన చిన్న పొట్లంలో పావుకిలో అరిసెలు, వాడు తినకపోతే అక్క తింటుందిలే అని. అక్కకి షుగర్ వచ్చిన సంగతి అమ్మకింకా తెలియదు.